అటక మీద పటిక

లండన్ శివారు హారోలో మేం కొన్న ఇల్లు వయసులో మా అమ్మకంటే పెద్దది. అందులోని హీటింగు నాకంటే కాస్త చిన్నదేమో, అంతే. ఇల్లు చూపించిన ఏజెంటు "సెంట్రల్ హీటింగ్ ఉంది" అని గొప్పగా చెప్పాడు. ఉన్నమాట నిజమే. పనిచేస్తుందని మాత్రం అతను అనలేదు, మేమూ అడగలేదు. మేం ఇల్లు చూసింది జూలై నెలలో మరి.

ఏర్పాటు చూస్తే తేలికైనదే. వంటింటి గోడకి ఉన్న బాయిలర్ నీళ్ళు కాచి గొట్టాల్లోకి తోస్తుంది. ఆ నీళ్ళు ప్రతి గదిలోనూ కిటికీ కింద ఉన్న ఇనప రేడియేటర్‌లోకి పోయి, గదిని వెచ్చబెట్టి, చల్లారి మళ్ళీ బాయిలర్ దగ్గరికి వస్తాయి. ఎప్పుడూ ఆ నీళ్ళే తిరుగుతుంటాయి. వాటిని తాగేదీ లేదు, వాటితో స్నానం చేసేదీ లేదు. ఎక్కడైనా తగ్గితే పైనుంచి కాసిని కలవడానికి అటక మీద ఒక చిన్న ప్లాస్టిక్ తొట్టి ఉంటుంది. స్నానాల నీళ్ళకి దాని అవతల పెద్ద తొట్టి వేరే ఉంటుంది. ఈ సంగతులన్నీ ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెబుతాను గాని, అప్పట్లో నాకు తెలిసిందల్లా మా రేడియేటర్లు పైన కాలుతూ కింద చల్లగా ఉంటాయనే.

రెండువేల పదిలో నాకు నెలలు నిండాయి. పుట్టబోయే బిడ్డకీ నాకూ అని పెట్టుకున్నది మేడమీద రోడ్డువైపు చిన్న గది. బాత్‌రూమ్‌కి ఆనుకుని ఉన్నది అదొక్కటే. ఇంట్లో ఉన్న రేడియేటర్లన్నిటిలోకీ మొండిది కూడా ఆ గదిలోదే. మిగతావి సగమైనా వెచ్చబడేవి. ఇది పై అంచున గోరువెచ్చగా ఉండి, మిగతా అంతా గోడలాగే చల్లగా ఉండేది. నేను స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుని దాని ముందు నిలబడి తిట్టేదాన్ని. నాకు మామూలుగానే కోపం ముక్కు మీద ఉంటుంది. తొమ్మిదో నెల వచ్చేసరికి అది అక్కడే కాపురం పెట్టింది.

తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. మా వైపు దాని మీద ఎవరూ వాదించరు, అదంతే. నేను వెళ్ళలేకపోయాను. ఆఫీసు సెలవు, మా ఆయన ఒక్కరే ఇక్కడ ఉండాల్సి రావడం, బిడ్డ పుట్టాక పాస్‌పోర్టు తిప్పలు, అన్నీ చూసుకుని రానని ఫోన్లో చెప్పేశాను. అమ్మ, "సరేలే, నువ్వు పుట్టింటికి రాలేకపోతే పుట్టిల్లే నీ దగ్గరికొస్తుంది" అంది. అన్నట్టే నాన్నని వెంటబెట్టుకుని వచ్చేసింది. పెట్టెల్లో బాలింత కాయం, శొంఠి, ఉతికి ఉతికి మెత్తబడ్డ పాత చీరల ముక్కలు, ఇంగ్లండులో దొరకదన్నట్టు ఇంత దూది కట్ట.

నాన్న పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. అల్లుడి ఇంట్లో ఊరికే కూర్చుని తినడం ఆయనకి పడదు. సోఫాలో కూర్చున్నా అంచున కూర్చునేవాడు, బస్సు రాగానే లేవాలన్నట్టు. కూర మారు వెయ్యబోతే చెయ్యి అడ్డం పెట్టేవాడు. పొద్దున్నే లేచి ఇంట్లో ఏం పనుందా అని వెతికేవాడు. తోటలో రాలిన ఆకులు ఊడ్చాడు, కిర్రుమనే తలుపులకి వంటనూనె రాశాడు, బాగానే ఉన్న గేటుకి కూడా ఏదో చేశాడు. మా ఆయన "మావయ్యగారూ, మీరు కూర్చోండి" అంటే, "కూర్చునే ఉన్నానండీ అల్లుడుగారూ" అని నిలబడే చెప్పేవాడు.

వాళ్ళు వచ్చిన వారంలోనే ఖాళీ పెట్టెలు అటక మీద పెట్టడానికి నాన్నే నిచ్చెన ఎక్కాడు. చాలాసేపు దిగలేదు. దిగాక చేతులు కడుక్కుంటూ అడిగాడు.

"పైన నీళ్ళ తొట్టి ఎప్పుడు కడిగారమ్మా?"

"ఇక్కడ ఎవరూ కడగరు నాన్నా. అది అలాగే ఉంటుంది."

"అలాగే అంటే?"

"అలాగే అంటే అలాగే. నువ్వు దాని జోలికి వెళ్ళకు."

నాన్న మరి మాట్లాడలేదు. మాట్లాడలేదంటే ఒప్పుకున్నాడనే అనుకున్నాను. అక్కడ పొరపడ్డాను.

ఇక మా వదిన. మా ఆయనకి అక్క. మిల్టన్ కీన్స్‌లో కొత్త ఎస్టేటులో ఇల్లు కొనుక్కుని ఉంటుంది. ఆ ఇంట్లోకి వెళితే డిసెంబరులో కూడా చొక్కా చేతులు మడుచుకోవాలి. నేల కిందినుంచి కూడా వేడి వస్తుంది. మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఆవిడ కోటు విప్పకుండా టీ తాగి వెళ్ళేది. వదిన మంచిది. వచ్చిన చిక్కల్లా అదే. చెడ్డదైతే పోట్లాడేసి ఊరుకునేదాన్ని.

"ఈ ఫ్రిజ్‌లో పసిపిల్లని ఎలా పెంచుతావే? మా ఇంటికి వచ్చెయ్. అక్కడి హాస్పిటల్‌లో కూడా కనుక్కున్నాను, ఇప్పుడైనా రిజిస్టర్ చేసుకుంటారట" అని ఫోన్లో అంది. చెకప్‌కి ఇంటికొచ్చిన మిడ్‌వైఫ్ కూడా చిన్న గదిలో అటూ ఇటూ చూసి, బిడ్డ వచ్చేసరికి గది ఇంకాస్త వెచ్చగా ఉండాలి సుమా అని చెప్పి వెళ్ళింది.

నేను వదిన ఇంటికి వెళితే అమ్మకీ నాన్నకీ అక్కడ చోటుండదని కాదు. మూడు గదులు ఖాళీగానే ఉన్నాయి. కానీ కూతురి ఆడపడుచు ఇంట్లో వాళ్ళు ఒక పూట భోంచేసి వచ్చే చుట్టాలే తప్ప, పురుడు పోసేవాళ్ళు కాలేరు. అమ్మ వదిన వంటింట్లో కాయం నూరలేదు, నాకు ఏం పెట్టాలో ఏం పెట్టకూడదో చెప్పలేదు. నాన్నయితే ఆ ఇంట్లో రెండు రోజులు కూడా ఉండడు. తొలి కాన్పు ఆడపడుచు చేసిందట అని ఊళ్ళో అంటే వీళ్ళు తలెత్తుకోలేరు. ఎవరూ అనకపోయినా వీళ్ళు అన్నారనే అనుకుంటారు. సముద్రాలు దాటి వచ్చింది ఈ ఒక్క పని కోసం. అది చేజారిపోతుందేమోనని అమ్మ రోజూ పొద్దున లేవగానే చిన్న గదిలోకి వెళ్ళి రేడియేటర్ మీద చెయ్యిపెట్టి చూసేది. చెయ్యి కొంగుకి తుడుచుకుంటూ కిందికి వచ్చేది.

నవంబరు ఇంకా అయిపోకుండానే మంచు పడింది. సరిగ్గా ఆ వారంలోనే రేడియేటర్లు ఒక్కొక్కటే చల్లబడటం మొదలుపెట్టాయి. ముందు చిన్న గది, తర్వాత మా పడగ్గది, తర్వాత హాలు. బాయిలర్ మాత్రం గడగడమంటూ ఏదో నమలలేనిది నములుతున్నట్టు చప్పుడు చేసేది.

మా ఆయన ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తారు. తప్పు ఎక్కడుందో వెతకడం ఆయన ఉద్యోగమే కాబట్టి మొదట ధైర్యంగానే దిగారు. రేడియేటర్ పైమూల చిన్న మర ఉంటుంది. దాన్ని బుల్లి తాళంచెవితో తిప్పితే లోపల చేరిన గాలి బుస్సుమని పోయి, వెనకాలే నీళ్ళు చిమ్ముతాయి. గాలి పోతే మళ్ళీ వేడెక్కుతుంది. ఆయన గుడ్డ పట్టుకుని తిప్పారు. గాలీ రాలేదు, నీళ్ళూ రాలేదు. పైపెచ్చు ఆ మరే గాలిని లోపలికి పీల్చుకుంది. ఆయన ముఖం చూసి నాకు భయం వేసింది. బాయిలర్ ఆపేసి, హీటింగ్ మనిషికి ఫోన్ చేశారు.

వచ్చినతను పొడుగ్గా, మోకాళ్ళు టకటకమంటూ, ఎక్కే ప్రతి మెట్టుకీ ఏదో ఒక కబురు చెప్పే మనిషి. కింద అంతా తట్టి చూసి నిచ్చెన వేయించుకుని అటకెక్కాడు. కబుర్లు ఆగిపోయాయి. కాసేపటికి అటక కంతలోంచి తల బయటపెట్టాడు. గొంతు బాగా తగ్గించి, "ఏమీ అనుకోకండి. ఇక్కడున్నది మీ మతానికి సంబంధించినదా? అయితే నేను ముట్టుకోను, మీరే తియ్యండి" అన్నాడు.

నేను మా ఆయన వైపు చూశాను. మా ఆయన నా వైపు చూశారు. ఆయన నిచ్చెనెక్కి తీసుకొచ్చింది తెల్లటి చేతిరుమాలు మూట. పురికోసతో చక్కగా ముడేసి ఉంది, ఇంకా నీళ్ళు కారుతోంది. ఆ రుమాలు నేను ఎక్కడైనా గుర్తుపడతాను. అంచుకి నీలం గీత ఉన్నది, నాన్నది.

విప్పితే లోపల పటిక.

నాన్న గెడ్డం గీసుకున్నాక ముఖానికి రుద్దుకోడానికి ఎక్కడికెళ్ళినా పటిక ముక్క పట్టుకెళతాడు. అందులో సగం ఈ మూటలో ఉంది. మాది ఏలూరు దగ్గర కాలవ గట్టున ఊరు. వానాకాలం కాలవకి కొత్తనీరొస్తే టీ రంగులో వస్తుంది. బిందెలో పటిక ముక్క తిప్పి పెడితే మడ్డంతా అడుగుకి దిగి, తెల్లారేసరికి పైనీళ్ళు తేటగా ఉంటాయి. మా ఊళ్ళో అది చదువుకున్నవాళ్ళకీ తెలుసు, చదువుకోనివాళ్ళకీ తెలుసు. కానీ హారోలో, అటక మీద, హీటింగు తొట్టిలో పటిక వేసినవాడు మా నాన్న తప్ప ఇంకొకడు ఉండడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"నాన్నా! వెళ్ళొద్దన్నానా లేదా? అది గొట్టాల్లో తిరిగే నీళ్ళు! అందులో పటికేమిటి?"

"మొన్న నువ్వు పడుకున్నప్పుడు ఎక్కి, కాస్త కర్రతో కలిపి, అడుగున తోమి, మూట కట్టి వదిలానమ్మా. అంతే."

"తోమావా కూడానా!"

ఆ మాట మా ఆయన ఇంగ్లీషులో చెబితే హీటింగ్ మనిషి కళ్ళు మూసుకున్నాడు. తొట్టి అడుగున ఏళ్ళ తరబడి పేరుకున్న తుప్పు బురద ఉంటుందట. కదపకుండా ఉంటే దాని మానాన అది పడి ఉండేదట. కలిపి తోమేసరికి లేచి, కిందికి దిగే సన్నటి గొట్టంలో ఇరుక్కుంది. పైనుంచి నీళ్ళు దిగడం ఆగిపోయింది. ఆ గొట్టం ఎలాగూ ఒకనాటికి పూడిపోయేదేనని అతను మర్యాదకి అన్నాడు. కానీ పూడిపోయింది మాత్రం మంచు పడ్డ ఈ వారంలో.

నేను ఇంకా అరుస్తూనే ఉన్నాను. ఇంత పొట్టేసుకుని చలిలో చస్తున్నానన్నాను. ఎవడు అడిగాడు నిన్ను అన్నాను. నాన్న చేతులు కట్టుకుని విని, నేను ఊపిరి పీల్చుకోడానికి ఆగినప్పుడు నెమ్మదిగా అన్నాడు.

"నాకేం తెలుసమ్మా. మూత కూడా లేదు దానికి. నీళ్ళు చూస్తే ఎర్రగా ఉన్నాయి. రేపు పసిగుడ్డుకి ఆ నీళ్ళే కదా పోస్తారనుకున్నాను."

నేను ఆ తడి రుమాలు కింద పెట్టేశాను. హీటింగ్ మనిషికి తెలుగు రాదు గాని, అతను కూడా టీ కప్పు కింద పెట్టేశాడు.

అతను ఆ మధ్యాహ్నమే తొట్టి ఖాళీచేసి, శుభ్రంచేసి, పూడిన గొట్టం ముక్క కోసి కొత్తది వేశాడు. కోసిన ముక్క చూపించాడు. లోపల కాఫీ మడ్డిలా నల్లగా గట్టిపడి, అగ్గిపుల్ల దూరేంత దారి మిగిలింది. బాయిలర్ వెలిగింది. హాలూ పడగ్గదీ ఎప్పటిలా సగం వెచ్చబడ్డాయి. చిన్న గది మాత్రం కదల్లేదు. రేడియేటర్ల నిండా ఇదే బురద ఉందనీ, మిషను పెట్టి మొత్తం కడగాలనీ, చలి ముదిరింది కాబట్టి కొత్త సంవత్సరం వచ్చేదాకా తనకి ఖాళీ లేదనీ చెప్పాడు. నాకు డాక్టర్లు చెప్పిన రోజు అంతకు చాలా ముందే ఉంది. ఇంకో ఇద్దరికి ఫోన్ చేస్తే వాళ్ళూ అదే మాట అన్నారు.

వదిన ఫోన్ చేసింది. "ఇంక మాటల్లేవు. ఆదివారం కారు తీసుకొస్తున్నాను. బట్టలు సర్దుకో" అంది.

ఆ వారం మా ఇల్లు చూడాలి. అమ్మ నాన్నతో మాట మానేసింది. కూర వడ్డించేది, మాట వడ్డించేది కాదు. నాన్న ఇంకే పనీ ముట్టుకోవడం మానేశాడు. ఆకులు రాలి గుట్టలు పడ్డా తోటలోకి వెళ్ళలేదు. గురువారం మా ఆయన ఆఫీసు నుంచి రాగానే ఎదురెళ్ళి, "అల్లుడుగారూ, మా టిక్కెట్లు కాస్త ముందుకి జరుపుకోడానికి వీలవుతుందాండీ?" అని అడిగాడు. నేను మెట్ల మీద ఉన్నాను. అలా అడుగుతున్నప్పుడు ఆయన గొంతులో కోపం లేదు, నిష్ఠూరం లేదు. పోస్టాఫీసు కిటికీలోంచి ఎవరినో వివరం అడిగినట్టు అడిగాడు.

మా ఆయన బూట్లు విప్పుకుంటూ ఆగిపోయారు.

"టిక్కెట్ల సంగతి తర్వాత చూద్దాం మావయ్యగారూ. శనివారం మీకేం పని లేదు కదా?"

"నాకేం పనండీ."

"ఆ చిన్న గది రేడియేటర్ ఊడదీసి మనిద్దరం తోటలోకి మోసుకెళదాం. దాన్నొక్కదాన్నీ కడిగితే చాలు. వీడియోలు చూశాను. నా ఒక్కడి వల్ల కాదు, బరువెక్కువ."

నాన్న అమ్మ వైపు చూశాడు. అమ్మ పోపు వేస్తూ వెనక్కి తిరక్కుండానే, "బరువు మొయ్యడానికి తోడు కావాలంటున్నారుగా, వెళ్ళండి" అంది. ఆ వారంలో ఆయనతో ఆవిడ అన్న మొదటి మాట అది.

శనివారం ఉదయం రేడియేటర్ రెండు పక్కలా ఉన్న మరలు బిగించి నీళ్ళు కట్టేశారు. కిందనుంచి నట్టు వదులు చేస్తే లోపలున్న నీళ్ళు కారతాయి, పట్టాలి. బకెట్టు ఆ సందులో పట్టలేదు. అమ్మ వెడల్పాటి స్టీలు పళ్ళెం తెచ్చిచ్చి, కార్పెట్ మీద పాత తువ్వాళ్ళు పరిచింది. కారినవి నీళ్ళు కావు, సిరా. ఇనుము కంపు. పళ్ళెం నిండటం, నాన్న బాత్‌రూమ్‌లోకి పరిగెత్తడం, ఇంకో పళ్ళెం. రేడియేటర్ తేలికయ్యాక కన్నాలకి గుడ్డలు కుక్కి, ఇద్దరూ చెరో పక్కా పట్టుకుని మెట్లు దిగారు. అల్లుడు వెనక్కి నడుస్తూ "జాగ్రత్తండీ" అంటే మామగారు "మీరు జాగ్రత్తండీ" అని, ప్రతి మెట్టు దగ్గరా మర్యాదలే. నేను పైన నిలబడి పొట్ట పట్టుకుని నవ్వాను.

తోటలో కుళాయి గడ్డకట్టింది. కెటిల్‌తో వేణ్ణీళ్ళు పోస్తే కరిగింది. రేడియేటర్‌ని మంచులో నిలబెట్టి ఒక కన్నంలో గొట్టం పెట్టి నీళ్ళు వదిలితే రెండో కన్నంలోంచి నల్లటి ధార బయటికొచ్చి తెల్లటి మంచు మీద పడింది. మా ఆయన అప్పడాల కర్రకి గుడ్డ చుట్టి పైనుంచి కిందికి తడుతుంటే లోపల అంటుకున్న పెళ్ళలు ఊడి ముద్దలు ముద్దలుగా వచ్చాయి. ఇన్నాళ్ళూ ఈ ముద్దల్ని వేడి చెయ్యమని బాయిలర్‌ని తిట్టానా అనిపించింది. తిరగేసి మళ్ళీ, పక్కకి పడుకోబెట్టి మళ్ళీ.

నలుపు తగ్గి గోధుమరంగు అయింది. మా ఆయన చేతులు ఎర్రబడిపోయాయి. "చాలండీ, అయిపోయింది" అన్నారు. నాన్న వంటింట్లోంచి గాజుగ్లాసు తెప్పించుకుని, ధార కింద పట్టి, ఆకాశం వైపు ఎత్తి చూశాడు.

"ఇంకా మడ్డి ఉందండీ."

మళ్ళీ కడిగారు. మళ్ళీ గ్లాసు ఎత్తాడు.

"ఉందండీ ఇంకా."

ఇలా ఎన్నిసార్లో. చివరికి మా ఆయన గొట్టం పట్టుకుని వణుకుతూ, "మావయ్యగారూ, ఇవి తాగే నీళ్ళు కావండీ" అన్నారు.

నాన్న గ్లాసు వైపు చూశాడు, అల్లుడి వైపు చూశాడు. ఒక్కసారిగా పగలబడి నవ్వాడు. పటిక మూట దొరికిన తర్వాత ఆయన నవ్వడం అదే మొదటిసారి. మా ఆయన కూడా మొదలెట్టారు. వంటింటి కిటికీ వెనకాల అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం నేను చూశాను. కాసేపటికి ఇద్దరికీ అల్లం టీ పట్టుకుని తనే మంచులోకి వచ్చింది. "మీ ముక్కులు చూసుకోండి, బీట్‌రూట్ ముక్కల్లా ఉన్నాయి" అంది. నాన్న కప్పు అందుకుంటూ, "పంచదార వేశావా?" అన్నాడు. వాళ్ళిద్దరి మధ్య రాజీ అంటే అంతే.

మళ్ళీ బిగించి, నీళ్ళు వదిలి, తుప్పు పట్టకుండా పోసే మందు పోసి, బుల్లి తాళంచెవి తిప్పారు. ఈసారి బుస్సుమంది. నీళ్ళు చిమ్మి మా ఆయన కళ్ళజోడు మీద పడ్డాయి. బాయిలర్ వెయ్యగానే నలుగురం చిన్న గదిలో చేరి దాని మీద చేతులు పెట్టాం. పైన వెచ్చబడింది. కిందికి వేడి దిగలేదు. ఎంతసేపు చూసినా గోరువెచ్చనే. అమ్మ ముఖం వాడిపోయింది. నా బట్టల సంచీ తలుపు పక్కన సర్దే ఉంది.

ఆదివారం పొద్దున్నే మా ఆయన మళ్ళీ కంప్యూటర్ ముందు కూర్చుని ఏదో చదివి లేచారు. వేణ్ణీళ్ళు బాయిలర్‌కి దగ్గరగా ఉన్న గదుల్లోకే ముందు పోతున్నాయనీ, చిన్న గది అన్నిటికంటే చివర ఉంది కాబట్టి దానికి మిగలడం లేదనీ, హాల్లోదీ వంటింట్లోదీ మరలు కాస్త బిగించి వాటికి తగ్గించాలనీ నాన్నకి వివరంగా చెప్పారు.

"శివారు భూములకి నీళ్ళు వదిలినట్టన్నమాట" అన్నాడు నాన్న. "పైవాళ్ళ తూములు దించితేగాని కిందివాడికి అందదు."

"అదేనండీ."

ఇద్దరూ ఇల్లంతా తిరిగి మరలు బిగించారు. నాన్న మేడమీద నిలబడి "రావట్లేదండీ" అనడం, మా ఆయన కిందనుంచి ఇంకొంచెం తిప్పడం. ఇంతలో బయట వదిన కారు ఆగింది.

వదిన కోటుతోనే మేడ ఎక్కింది. నా సంచీ చేతిలోకి తీసుకుంది. నాన్న రేడియేటర్ దగ్గర నేల మీద కూర్చుని ఉన్నవాడు గభాలున లేచాడు. ఆవిడ అడక్కముందే, "తీసుకెళ్ళమ్మా. మీ ఇంట్లో వెచ్చగా ఉంటుంది. ఇక్కడ ఇంకా... మేమేమీ అనుకోం" అన్నాడు. అనేసి కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు.

నాకు వెళ్ళనని అరవాలని ఉంది. కానీ బిడ్డ కోసమని ఇందరు చెబుతుంటే పంతానికి పోయి చలిగదిలో పడుకుంటానని ఎలా అనను? మంచం మీద కూర్చుండిపోయాను.

వదిన నా పక్కన కూర్చుంది. కాసేపటికి ఆవిడ మెడలో ఉన్ని స్కార్ఫ్ తీసింది. ఇంకాసేపటికి కోటు గుండీలు విప్పుకుంది. ఏదో తోచినట్టు లేచి వెళ్ళి, వంగి, రేడియేటర్ అడుగున చెయ్యి పెట్టింది. వెంటనే తీసేసింది.

"కాలుతోందే!"

నాన్న ఆవిడ పక్కనే వంగి తనూ చెయ్యి పెట్టాడు. ఆయన తియ్యలేదు.

"అంకుల్, దీన్ని మీరూ తమ్ముడూ కలిసి కడిగారా?" అంది వదిన. "మా పుట్టింట్లో ఉన్నన్నాళ్ళూ వాడు చీపురు పట్టినట్టు కూడా నాకు గుర్తులేదు." నా సంచీ తీసుకెళ్ళి అమ్మ చేతికిచ్చింది. "ఆంటీ, ఇది లోపల పెట్టండి. పురుడు మీది. నేను బారసాలకి వస్తాను, నన్ను కూడా పిలవండి." అమ్మ ఆవిడ చేతులు పట్టుకుంది. వదినని ఆ రోజు నేను కావలించుకున్నాను. మధ్యలో పొట్ట అడ్డం వచ్చింది.

ఆసుపత్రి నుంచి పాపని ఇంటికి తెచ్చిన రోజు బయట మంచూ వానా కలిసి పడుతున్నాయి. అమ్మ గుమ్మంలో దిష్టి తీసి, ఎవర్నీ మాట్లాడనివ్వకుండా నన్ను మేడ ఎక్కించింది. చిన్న గది నులివెచ్చగా ఉంది. నాన్న గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. రెండుసార్లు పిలిస్తేగాని లోపలికి రాలేదు. వచ్చినవాడు నా దగ్గరికి రాకుండా కిటికీ కిందికి వెళ్ళి, రెండు అరచేతులూ రేడియేటర్ మీద ఆనించి నిలబడ్డాడు.

"బాగానే పనిచేస్తోంది నాన్నా. ఇంక దాన్ని వదిలెయ్."

"దాని కోసం కాదమ్మా. చేతులు చల్లగా ఉన్నాయి."

అవి వెచ్చబడ్డాయని తేల్చుకున్నాక వచ్చి చేతులు చాపాడు. పాపని పెట్టాను. మంచం అంచున కాకుండా బాగా లోపలికి కూర్చుని, ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"నువ్వు ఇంత ఉన్నప్పుడు నేను కళ్ళారా చూడలేదమ్మా" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"మీ అమ్మమ్మగారింట్లో పుట్టావుగా. ఆడపిల్లని కబురొచ్చింది. బారసాలకి రమ్మంటే వెళ్ళాను. అరుగు మీద కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. మీ అమ్మమ్మ నిన్ను తీసుకొచ్చి ఒక్కసారి చూపించి, గాలి తగులుతుందని లోపలికి తీసుకెళ్ళిపోయింది. ఎత్తుకుంటానని అడుగుదామనుకున్నాను. అల్లుణ్ణి కదా, బావుండదేమోనని ఊరుకున్నాను. మీ అమ్మ నిన్ను తీసుకుని మనింటికొచ్చేసరికి బోర్లా పడుతున్నావు."

ఆయన ఈ మాటలు పాపనే చూస్తూ చెప్పాడు. నాకు కళ్ళవెంట నీళ్ళు ఆగలేదు. టిక్కెట్లు జరపమని అడిగినప్పుడు ఈయన ఏం వదులుకోడానికి సిద్ధపడ్డాడో అప్పుడు తెలిసింది నాకు. అమ్మ కింద నుంచి, పిల్లని ఎక్కువసేపు ఎత్తుకోకూడదు, మంచం మీద పడుకోబెట్టండి అని కేకేసింది. ఇద్దరం విననట్టే ఊరుకున్నాం. పాప పాలకి ఏడ్చేదాకా నేను ఇమ్మని అడగలేదు.